వెనక సీటులో టీచరుగారు

ఆర్లీన్ కొవాచ్‌కి చూపున్నన్నాళ్ళూ సైకిలెక్కాలన్న ఆలోచనే రాలేదు. మా షాఫర్స్ బెండ్ బడిలో పిల్లలకి సంగీతం చెప్పింది, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించింది, ఇంటినుంచి బడికీ బడినుంచి చర్చికీ నీలంరంగు కారులో తిరిగింది. నాకేమో ఊరి వెనక, నది ఒడ్డున సైకిళ్ళ కొట్టు. నది వెంట వేసిన సైకిళ్ళ బాట నా కొట్టు ముందునుంచే పోతుంది. "ఒక్కసారి వచ్చి తొక్కి చూడవే," అని ఎన్నేళ్ళు పిలిచినా, "చెట్లు కారు కిటికీలోంచి కూడా కనబడతాయి డాటీ," అని తప్పించుకునేది.

తర్వాత ఆమె కళ్ళకి జబ్బు చేసింది. ముందు పాటల పుస్తకంలో గీతలు వంకర్లు పోయాయి. తర్వాత మనుషుల ముఖాలు చెరిగిపోయాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి వెలుగుకీ చీకటికీ తేడా తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. కారు అమ్మేసింది. ఒక చలికాలమంతా ఇంట్లోంచి కదల్లేదు. నేను సూప్ పట్టుకెళ్తే తాగేది, రేడియో వినేది, రేడియోలో పాడేవాళ్ళని తిట్టేది.

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్న కర్ర తాటించుకుంటూ కొట్లోకి వచ్చింది.

"నువ్వు కొత్తగా జంట సైకిలు తెప్పించావటగా?"

"తెప్పించాను. ఎవరు చెప్పారు?"

"చర్చిలో అందరూ అనుకుంటున్నారు. వెనక కూచునేవాళ్ళకి దారి కనబడక్కర్లేదట. నిజమేనా?"

"వెనకవాళ్ళకి కనబడేది ముందువాడి వీపే."

"అయితే నాకూ మిగతావాళ్ళకీ తేడా ఏముంది? ఎక్కించు."

ముందు సీటులో నేనే కూచుని ఒక ప్రయత్నం చేశాను. నేను పొట్టిదాన్ని, ఆమె నిండైన మనిషి. కొట్టు పెరడు దాటకుండానే ఇద్దరం వెళ్ళి మా ఆయన పెంచుకుంటున్న పూలమొక్కల్లో పడ్డాం. ఆర్లీన్ మట్టిలో కూచునే, "బాగుంది, మళ్ళీ," అంది. మా ఆయన మాత్రం వద్దన్నాడు.

అలా వెండెల్ బ్రూబేకర్ గుర్తొచ్చాడు.

వెండెల్ మా బాటని చూసుకునేవాడు. గాలివానకి చెట్టు అడ్డంగా పడితే రంపంతో వచ్చి కోసేవాడు, వానకి గోతులు పడితే సన్నకంకర పోసి చదును చేసేవాడు. ఆరడుగుల పైన ఎత్తు, తలుపంత భుజాలు. నలభై దాటాయి, పెళ్ళి కాలేదు, ఊరి చివర రెండు కుక్కలతో ఉంటాడు. అతను మాట్లాడగా నేను విన్నవి మూడే మాటలు: 'ఊఁ', 'సరే', 'చైను'. ఆ మూడోది కూడా సైకిలు బాగు చేయించుకోడానికి వచ్చినప్పుడు తప్పక అన్నదే.

"టీచరుగారిని వెనక కూచోబెట్టుకుని మంగళవారాలు తిప్పుతావా వెండెల్?" అని అడిగాను.

ఎందుకో చాలాసేపు తన బూట్లకేసి చూసుకున్నాడు. తర్వాత, "సరే," అన్నాడు.

మొదటి మంగళవారం నేను కూడా నా సైకిలు మీద వాళ్ళ వెనకే బయల్దేరాను. పడిపోతే లేపడానికి ఒకరుండాలి కదా. పొగమంచు ఇంకా నది మీదే ఉంది. మా బాట ఒకప్పటి బొగ్గు రైళ్ళ కట్ట. పట్టాలు తీసేసి సున్నపురాయి పొడి పరిచారు. కారుగానీ లారీగానీ రావు. టైర్ల కింద ఆ పొడి నలిగే చప్పుడు, పక్కన నీళ్ళ చప్పుడు, అంతే. ఆర్లీన్ వెనక హ్యాండిల్‌ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. తొక్కడం మొదలెట్టిన కాసేపటికి ఆమె భుజాలు కిందికి దిగాయి. ఇంకాసేపటికి అడిగింది.

"ఏం కనబడుతోంది వెండెల్?"

"చెట్లు."

"ఎలాంటి చెట్లు?"

"పచ్చవి."

"ఇంకా?"

"ఇంకా చెట్లు."

నేను వెనకనుంచి నవ్వాపుకుంటున్నాను. ఆర్లీన్ కొంతదూరం ఓపిక పట్టింది. ఇక పట్టలేకపోయింది.

"ఏమయ్యా, నువ్వు నన్ను మనిషిననుకుంటున్నావా, బంగాళాదుంపల బస్తాననుకుంటున్నావా?"

ఒక చిన్న వంతెన దాటాం. ఎదురుగా వచ్చిన ఇద్దరు సైకిలువాళ్ళు చెయ్యి ఊపి పోయారు. అప్పుడు ముందు సీటులోంచి గొంతు వినబడింది.

"బస్తా అయితే పెడల్ తొక్కదు టీచరుగారూ."

ఆర్లీన్ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి సైకిలు అటూ ఇటూ ఊగి, బాట అంచుదాకా పోయి వచ్చింది. "అబ్బాయికి నోరుంది! డాటీ, విన్నావా? నోరుంది!"

వెండెల్ చెవులు ఎర్రగా కందిపోవడం వెనకనుంచి నాకు బాగా కనబడింది.

ఆ రోజునుంచి కొద్దికొద్దిగా చెప్పడం మొదలెట్టాడు. "ఎడమపక్క బండరాయి మీంచి నీళ్ళు కారుతున్నాయి." "తాబేలు ఎండలో ఉంది." "కొంగ." ఆర్లీన్ ఊరుకునేది కాదు. కొంగ ఏం చేస్తోంది, ఒంటికాలి మీదుందా, ఎటు చూస్తోంది, మనల్ని చూసి ఏమనుకుంటోంది? పాపం, కొంగ ఏమనుకుంటోందో వెండెల్‌కి ఎలా తెలుస్తుంది? అయినా ఆలోచించి ఆలోచించి, "దుంపల బస్తా నవ్వుతోందేమిటి అనుకుంటోంది," అనేవాడు.

జూన్ వచ్చేసరికి ఒక వింత గమనించాను. వెండెల్ చెప్పేవి నాకు కనబడడం మానేశాయి.

"అదిగో టీచరుగారూ, నది మధ్య రాయి మీద ఎర్రటోపీ పెట్టుకుని ఒక ముసలాయన గాలం వేస్తున్నాడు. పక్కన కుక్క. కుక్కకీ ఎర్రటోపీయే."

నేను మెడ సాచి చూశాను. నది ఉంది, రాయి ఉంది. ముసలాయనా లేడు, కుక్కా లేదు.

ఇంకో వారం నీటికుక్కలు రెండు ఒడ్డున జారుడుబల్ల ఆడుతున్నాయన్నాడు. ఆ తర్వాతి వారం తెల్లటి జింక నీళ్ళు తాగుతోందన్నాడు. అవతలి ఒడ్డున గూడ్సు రైలు పోతుంటే, ఆఖరి పెట్టె మీద ఎవరో కుర్చీ వేసుకుని పత్రిక చదువుకుంటున్నారన్నాడు. ఆర్లీన్ ఆనందానికి అంతులేదు. "ఏ పేజీ చదువుతున్నాడు?" అని కూడా అడిగింది.

ఆ సాయంత్రం కొట్లో టైర్లకి గాలి కొడుతుంటే నిలదీశాను.

"ఏమిటయ్యా ఆ కోతలు? ఆవిడకి కనబడదని ఏది పడితే అది చెబుతావా?"

వెండెల్ పంపు మీద రెండుసార్లు వంగి లేచాడు. "చెట్లెన్నని చెబుతానండీ డాటీగారూ. అయిపోయాయి."

"అబద్ధాలు కదా!"

"ఆవిడ నవ్వుతున్నారు కదా," అన్నాడు.

వేసవి అలా గడిచిపోయింది. ఆర్లీన్ కాళ్ళకి బలం వచ్చింది, బుగ్గలకి రంగొచ్చింది. ఐదు మైళ్ళకే ఆయాసపడే మనిషి ఇరవై మైళ్ళు పోయి వచ్చి, ఇంకా ఎండ ఉందిగా అనేది. సెప్టెంబరు చివర ఒకరోజు ప్రకటించింది: గట్టు దాకా వెళ్దాం.

మా కొండల్లో అన్నిటికన్నా ఎత్తున్న చోటది. అక్కడ పడ్డ వానలో పడమటి సగం మా నదిలోకి దిగి ఎక్కడో దక్షిణాన సముద్రంలో కలుస్తుంది, తూర్పు సగం ఇంకో సముద్రానికి పోతుంది. మా ఊరినుంచి ముప్పై మైళ్ళు. రైలు ఎక్కిన దారి కాబట్టి నిటారుగా ఉండదు కానీ, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎక్కుతూనే ఉండాలి. గట్టు దాటాక సొరంగం, ఆ తర్వాత అవతలి ఊరిదాకా ఒకటే దిగుడు. అక్కడ మా ఆయన ట్రక్కు తీసుకుని వచ్చి ఉంటానన్నాడు. ఈసారి పూలమొక్కల జోలికి పోమని మాటిచ్చాం.

అక్టోబరు రెండో మంగళవారం బయల్దేరాం. నా సంచిలో బంగాళాదుంప ముద్ద కూరి, ఉల్లిపాయలు వేసి వేయించిన పియెరోగీలు, వెండెల్ సంచిలో వాళ్ళ అక్క చేసిన గుమ్మడికాయ కేకు. ఆకులు రంగు తిరిగి కొండంతా మండిపోతున్నట్టుంది. రాలిన ఆకులు బాట మీద పరుచుకుని, టైర్ల కింద కరకరమంటున్నాయి.

"రంగులు చెప్పు," అంది ఆర్లీన్.

వెండెల్ ఈసారి తొందరపడలేదు. "మేపుల్ చెట్టుంది. ఎరుపు. మీరు క్రిస్మస్ కచేరీకి వేసుకునేవారే ఆ స్వెట్టరు, గుండీలు పెద్దవి. ఆ ఎరుపు. దాని పక్కది పసుపు. కొత్త స్కూలు బస్సంత కాదు, కడిగీ కడిగీ వెలిసిన పాత బస్సు. వెనకాల హెమ్లాక్ చెట్లు. అవి మారవు. నల్లగా ఉంటాయి, నీడలా."

వెనకనుంచి చూస్తే ఆర్లీన్ తల కొంచెం పైకెత్తుకుని తొక్కుతోంది. "ఆ స్వెట్టరు మా అమ్మ అల్లింది," అంది చివరికి.

పొడుగాటి వంతెన మీద గాలి మమ్మల్ని పక్కకి నెట్టింది. కింద పొలాలు, గడ్డి చుట్టలు, దూరంగా బొమ్మల్లాంటి ఆవులు. వంతెన దాటి ఇంకా పైకి ఎక్కితే పాత స్టేషనుండే చోటు వస్తుంది. స్టేషనిప్పుడు లేదు. ఎవరో రైల్వేవాళ్ళు ఎప్పుడో నాటిన ఆపిల్ చెట్లు మాత్రం అడివిలో కలిసిపోయి ఇంకా కాస్తున్నాయి. ఆ మలుపు తిరగగానే వెండెల్ బ్రేకు వేశాడు. నేను వెళ్ళి వాళ్ళ వెనక చక్రానికి గుద్దుకోబోయి ఆగాను.

"టీచరుగారూ, కాళ్ళు కింద పెట్టండి," అన్నాడు మెల్లగా. "ఎలుగుబంటి."

"అబ్బో! ఈసారి దానికి టోపీ ఏ రంగు?"

"టోపీ లేదండీ. నిజంగానే ఎలుగుబంటి."

"ఎర్రటోపీ ముసలాయన నిజం కాదా మరి? అక్కడ నీళ్ళు రాళ్ళ మీంచి దూకుతుంటాయి. నాకు చెవులు లేవనుకున్నావా? ఆ హోరులో గాలం వేసే పిచ్చివాడెవడు?"

వెండెల్ నోరు తెరుచుకుంది. "తెలిసే ఊరుకున్నారా?"

"బాగా చెబుతున్నావు కదా, ఆపడం ఎందుకని ఊరుకున్నాను. కానివ్వు, చెప్పు. ఎలుగుబంటి ఏం చేస్తోంది? పత్రిక చదువుతోందా?"

"ఆర్లీన్," అన్నాను. "నేనూ చూస్తున్నాను. నల్లగా, పెద్దగా ఉంది. బాట మధ్యలో కూచుంది."

"నువ్వూ వీడితో చేరిపోయావా డాటీ?"

అప్పుడే ఎలుగుబంటి ఒక కొమ్మని లాగింది. కొమ్మ ఫెళ్ళున విరిగింది. ఆపిల్ పళ్ళు దడదడా నేల మీద పడ్డాయి. దాని వెంటే కరకరా నమిలే చప్పుడు, ముక్కులోంచి ఊదినట్టు ఒక పెద్ద ఊపిరి. తడిసిన కుక్క వాసనా పులిసిన పళ్ళ వాసనా కలిసి గాలిలో మా మీదికి వచ్చాయి.

ఆర్లీన్ ముఖంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"అది... ఆపిల్ తింటోందా?"

"ఔనండి."

"ఎంత దూరంలో?"

"మీ క్లాసుగదికి ఈ చివర మనం, ఆ చివర అది."

"నాయనా వెండెల్, ఇన్ని అబద్ధాలు చెప్పావు. ఇప్పుడు కదా ఒకటి చెప్పాల్సింది! అల్లంత దూరంలో ఉంది అనొచ్చుగా!"

పరిగెత్తకూడదని మా అందరికీ తెలుసు. వెనక్కి తిరిగి సైకిలు తొక్కడం అంతకన్నా మంచిది కాదు. నిలబడి, మేం మనుషులమని దానికి తెలిసేలా చప్పుడు చెయ్యాలి. వెండెల్ సైకిలు దిగి, ఆర్లీన్‌ని దింపి, సైకిల్ని బాటకి అడ్డంగా నిలబెట్టి, దాని వెనక ఆమెనీ, ఆమె పక్కన నన్నూ నిలబెట్టాడు. తను ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పాడండి టీచరుగారూ. గట్టిగా."

ఆర్లీన్ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. జీవితమంతా పాటలు పాడిన మనిషికి అప్పుడు గొంతు పెగల్లేదు. "నావల్ల కావడం లేదు. నువ్వు పాడు."

"నేను పాడకూడదండీ."

"ఎందుకు పాడకూడదు?"

"మీరే వద్దన్నారు."

"నేనా? ఎప్పుడు?"

"ఐదో తరగతిలో."

ఎలుగుబంటి ఇంకో పండు అందుకుంది. నేను ఇద్దరికేసీ చూస్తున్నాను. ఇలాంటి చోట ఇలాంటి మాట మొదలవుతుందని ఎవరనుకుంటారు? వెండెల్ ఎలుగుబంటి మీంచి చూపు తిప్పకుండా, మాకు వీపు పెట్టే, చెప్పుకుపోయాడు. చప్పుడు చెయ్యాలి కాబట్టి గట్టిగా చెప్పాడు. కొండకి తగిలి ఆ మాటలు మళ్ళీ వినబడ్డాయి.

"క్రిస్మస్ కచేరీకి ముందు. నన్ను పక్కకి పిలిచి, 'వెండెల్, నువ్వు పెదాలు కదుపు చాలు, శబ్దం రానివ్వకు' అన్నారు. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. కచేరీ రోజు మా అమ్మ ముందు వరసలో కూచుంది. అందరికన్నా నువ్వే బాగా పాడావు అంది."

ఆర్లీన్ కర్ర కోసం చెయ్యి చాచింది. కర్ర సైకిలుకే కట్టి ఉంది. ఆ చెయ్యి వెళ్ళి నా భుజం పట్టుకుంది.

"నాకు గుర్తు లేదు వెండెల్."

"మీకెందుకు గుర్తుంటుందండీ. అంతమంది పిల్లలు."

"అని ఉంటాను. ఆ రోజుల్లో పక్క ఊళ్ళ బళ్ళతో పోటీ ఉండేది. గెలవాలని ఉండేది నాకు." ముఖం వెండెల్ గొంతు వచ్చిన వైపుకి తిప్పింది. "తప్పు చేశాను. పదేళ్ళవాడికి అలా చెప్పకూడదు. క్షమించు."

"అయ్యో, టీచరుగారూ, మీరు అలా..."

"క్షమించావో లేదో చెప్పు ముందు. అవతల ఎలుగుబంటి ఉంది!"

"క్షమించానండీ."

"అయితే పాడు."

వెండెల్ పాడాడు. అక్టోబరు నెలలో, నడి అడివిలో, క్రిస్మస్ పాట. ఎన్నో ఏళ్ళు తెరవని ఇనుప గేటుని ఒక్కసారిగా తోస్తే వచ్చే చప్పుడు గుర్తుచేసుకోండి. దానికి కొంచెం దుఃఖం కలపండి. ఎలుగుబంటి తల పైకెత్తింది. చెవులు నిక్కబొడుచుకుని వెండెల్‌ని పరీక్షగా చూసింది. హమ్మయ్య, పోతుందనుకున్నాను. అది మళ్ళీ తల దించి, తింటున్న పండు పూర్తి చేసి, ఇంకోటి తీసుకుంది.

రెండో చరణానికి ఆర్లీన్ గొంతు వచ్చింది. అతని గొంతుని కింద వదిలేసి, ఆమెది పైనుంచి అందుకుంది. నేను చర్చిలో పాడే నా వరస అందుకున్నాను. మేం అలా పాడుతుండగా మలుపు తిరిగి ఒహాయో నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలిద్దరు వచ్చి, ఎలుగుబంటిని చూసి, మమ్మల్ని చూసి, ఏది ఎక్కువ వింతో తేల్చుకోలేక ఆగిపోయారు. ఆ వెనకే పిట్స్‌బర్గ్ నుంచి సంచులు కట్టుకుని వస్తున్న ఒక అమ్మాయి. ఏ బండీ రాని బాట మీద ట్రాఫిక్ నిలిచిపోవడం నా జన్మలో అదే మొదటిసారి.

"ఎంతసేపు తింటుందండీ?" అని ఒహాయో ఆయన గుసగుసగా అడిగాడు.

"కడుపు నిండేదాకా," అన్నాను. "మీకు పాటొచ్చా?"

వచ్చు. ఆయనది బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఆర్లీన్ అది వినగానే తలతిప్పి, "మీరు ఇటు రండి, నా ఎడమపక్కకి," అని చేత్తో చూపించి, ఆయన భార్యని నా పక్కకి పంపి, పిట్స్‌బర్గ్ అమ్మాయికి పైవరస ఇచ్చి, గాలిలో చేతులు ఊపుతూ మాతో ఇంకో రెండు పాటలు పాడించింది. వెండెల్‌ని మాత్రం ఎక్కడికీ కదపలేదు. "నువ్వు అక్కడే ఉండు నాయనా. అందరికన్నా ముందు. గట్టిగా!"

ఎలుగుబంటి పళ్ళన్నీ తింది. తీరిగ్గా లేచి, మైలుగుంజకి వీపు రుద్దుకుంది. రుద్దుకుని రుద్దుకుని, మా వైపు మళ్ళీ చూడకుండా, ఏటవాలు దిగి నదికేసి పోయింది. కొమ్మల చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది. మా పాటకి పోయిందో, పళ్ళు అయిపోయి పోయిందో నేనైతే చెప్పలేను. ఒహాయో ఆయన మటుకు పాటకే అని ఇప్పటికీ నమ్ముతున్నాడు. క్రిస్మస్‌కి కార్డు కూడా పంపాడు.

అక్కడే బాట పక్కన గడ్డిలో కూచుని అందరం కలిసి పియెరోగీలు తిన్నాం. ఆర్లీన్ కేకు ముక్క చేత పట్టుకుని అంది.

"వెండెల్, ఒక మాట చెప్పనా?"

"చెప్పండి."

"నీకు శ్రుతి బొత్తిగా లేదు."

"తెలుసండీ."

"రెండో చరణంలో నువ్వు వెళ్ళిన చోటికి ఇంతవరకూ ఏ గొంతూ వెళ్ళలేదు. నేనే వెతకడానికి వచ్చినా దొరికేవాడివి కాదు."

వెండెల్ కేకు పొరబోయి దగ్గుతూ నవ్వాడు. అతను నవ్వితే భుజాలు మొత్తం కదులుతాయి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

గట్టు చేరేసరికి ఎండ వాలింది. అక్కడ చిన్న గోడ మీద రెండు వైపులా కొండల బొమ్మ గీసి ఉంటుంది. ఆర్లీన్ ఆ గోడంతా అరచేత్తో తడిమింది. నీళ్ళు ఎక్కడ విడిపోతాయని అడిగింది. వెండెల్ ఆమె రెండు కాళ్ళూ సరిగ్గా నేల మీద గీసిన గీతకి అటూ ఇటూ పెట్టించాడు. ఆమె తన సీసా మూత తీసి, కొన్ని నీళ్ళు ఎడంపక్క పోసింది, కొన్ని కుడిపక్క పోసింది. "ఇంక వెళ్ళండి," అంది నీళ్ళతో.

"నేను కూడా ఒక నది మొదలుపెట్టి వస్తాను," అని వెండెల్ పొదల వెనక్కి పోయాడు. ఆర్లీన్ ముందు అర్థం కాక, తర్వాత అర్థమై, "వెండెల్ బ్రూబేకర్!" అని టీచరు గొంతుతో అరిచింది.

సొరంగంలో దీపాలు మినుకుమినుకుమంటున్నాయి. లోపల గాలి నేలమాళిగలోలా చల్లగా ఉంది. నడి సొరంగంలో ఆర్లీన్ సైకిలాపించి, ఒక్క స్వరం అందుకుని వదిలింది. అది అవతలి కొసదాకా పోయి, గోడలన్నీ తిరిగి, చాలాసేపటికి వెనక్కి వచ్చింది. అప్పటికి ఆమె రెండోది పంపింది. రెండూ మధ్యలో కలుసుకున్నాయి. ఆమె దీపాలకేసి కాకుండా చీకటికేసి ముఖం పెట్టి, బడిపిల్లలా నవ్వుతోంది.

సొరంగం దాటాక కొండలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. అక్కడినుంచి పెడల్ తొక్కక్కర్లేదు. నేను నా వయసుకి తగ్గట్టు బ్రేకు పట్టుకుని దిగాను. వాళ్ళిద్దరూ మటుకు కనుచూపు దాటిపోయారు. "ఇంకా! ఇంకా!" అన్న ఆర్లీన్ కేక మాత్రం మలుపు మలుపుకీ వినబడుతూ వచ్చింది. కింద ఊళ్ళో, పాత స్టేషను ముందు, మా ఆయన ట్రక్కు పక్కన కాళ్ళు బార్లా చాపుకుని కూచుని ఉన్నారు ఇద్దరూ. ఒళ్ళంతా తెల్లటి కంకరపొడి, పిండిమరలోంచి వచ్చినట్టు. ఆర్లీన్ జుట్టు చెదిరి, ముక్కు ఎర్రబడి, ఇరవై ఏళ్ళు తగ్గినట్టుంది.

"ఎందుకింత ఆలస్యం డాటీ? ఎలుగుబంటి గానీ అడ్డొచ్చిందా?"

నవంబరులో, ఏటా చలికాలానికి మూసేసినట్టే, సొరంగం తలుపులు మూసేశారు. డిసెంబరు మొదట్లో మంచు పడి బాటంతా తెల్లబడింది. నేను కొట్లో పొయ్యి వెలిగించుకుని, వసంతం దాకా ఇంక పనేమీ లేదని కుర్చీ దగ్గరకి లాక్కున్నాను. మంగళవారం పొద్దున్న తలుపు గంట మోగింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు, ఉన్ని టోపీలతో, చేతికి లావు తొడుగులతో.

"మంచు మీద తొక్కే లావు టైర్లుంటాయటగా?" అంది ఆర్లీన్. "బిగించు."

"పిచ్చా మీకు? బయట చలి చూశారా?"

"వెండెల్ చూశాడు. చెప్పాడు కూడా, దారి పొడుగునా. బాట మీద ఒక్క అడుగూ పడలేదట ఇంకా. మొదటి గీత మాదే కావాలి."

బిగించాను. నన్ను కూడా రమ్మన్నారు. నేను పొయ్యి దగ్గరే కూచుని, కిటికీలోంచి వాళ్ళు చెట్లమధ్య చిన్నగా అయిపోయేదాకా చూశాను. తెల్లటి బాట మీద ఒకే ఒక్క లావు గీత నది వెంట వంపులు తిరుగుతూ పోయింది.